చేయెత్తి అడుగుదాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్ వెంగళరావు నగర్‌లో జరిగిన యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం బాధ్యులకు, పొద్దున్నే బస్సులెక్కి ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక గోడకు ఆనుకుని కూర్చున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ జోహార్లు. జై సేవా అనే వాళ్లకు జై సేవా. జై సేవాలాల్ అనే వాళ్లకు జై సేవాలాల్.

ముందు వరసల మాట ఊరికే అనలేదు. చివర్లో మళ్లీ అక్కడికే వస్తాం.

మమ్మల్ని మాట్లాడమన్న విషయం ‘సైన్స్ మ్యూజియంలో నిపుణుల ఉపన్యాసాలు – మన యువత’. ఈ మాట చెప్పగానే మా హాస్టల్ పిల్లలు నవ్వారు. “మేడమ్, ఆగస్టు 9న డోలు గురించి, గుస్సాడి గురించి, కొమురం భీం గురించి చెప్తారు గానీ మ్యూజియం ఉపన్యాసాలేంటి?” అన్నారు. ఆ రెండూ వేరు కావని చెప్పడానికే వచ్చాం.

ఇంకొక మాట. మేము, మేము అంటుంటే పెద్దరికానికి అనుకోకండి. ఇప్పుడు చెప్పబోయేది ఒక్కరు చేసిన పని కాదు. వార్డెన్, ఇద్దరు వంటమ్మలు, గేటు దగ్గర కూర్చునే తాత, ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా, నల్లమల నుంచి ములుగు దాకా వచ్చిన ఆడపిల్లలు, అందరం కలిసి చేశాం, కలిసే తప్పులు కూడా చేశాం. అందుకని మేము.

ఈ వెంగళరావు నగర్ ఎక్కడుందో చూడండి. ఇటు పోతే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. సినిమాల్లో వేషాలు వెతుక్కుంటూ వచ్చే పిల్లలకు అదే అడ్డా. మన తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన అబ్బాయిలు కూడా అక్కడ ఉన్నారు. ఇంకొంచెం పైకి పోతే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. పట్నం వచ్చిన మొదటి ఆదివారం మన పిల్లలు ఎక్కడికి పోతారో మాకు తెలుసు. ఏదో ఒక హీరో ఇంటి గేటు ముందు మూడు గంటలు నిలబడి, కారు అద్దం వెనక ఒక చెయ్యి కనిపిస్తే ఫోటో తీసుకుని వస్తారు. పోవద్దని మేము అనలేదు, అనం కూడా. సరదాలుండాలి.

కానీ ఇదే వెంగళరావు నగర్ పక్కన మధురానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారితే, అక్కడి నుంచి అయిదో స్టేషన్ అసెంబ్లీ. దిగి కొంచెం నడిస్తే బిర్లా మందిర్ పక్కన నౌబత్ పహాడ్ గుట్ట. దాని మీద బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్. అక్కడి ప్లానెటేరియాన్ని 1985 సెప్టెంబర్ 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. 2000లో డైనోసార్ల గది తెరిచారు. అక్కడ ఏ గేటు ముందూ పడిగాపులు పడక్కర్లేదు, టికెట్టు కొనుక్కుని దర్జాగా లోపలికి పోవచ్చు. లోపల ఉన్న అతి పెద్ద ప్రాణి మన దగ్గరిదే. అది సినిమా డైనోసార్ కాదు. ప్రాణహిత ఒడ్డుది, యామన్‌పల్లిది. పాత ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లా.

దాని దగ్గరికి మేము ఎలా చేరామో చెప్పాలంటే ముందు మా తప్పు చెప్పాలి.

మూడేళ్ల కిందట, నగరంలో ఒక హాలులో శిలాజాల మీద ఒక నిపుణుడి ఉపన్యాసం ఉందని తెలిసింది. ప్రవేశం ఉచితం, ఎవరైనా రావచ్చు అన్నారు. ముప్పై రెండు మంది పిల్లల్ని తీసుకెళ్లాం. సాయంత్రం ఆరింటికి కార్యక్రమం. మా గేటు ఏడింటికి మూసేయాలి. పై అధికారుల అనుమతి, ఇళ్లకు ఫోన్లు, పేర్ల జాబితా, వంటమ్మ డబ్బాల్లో కట్టిచ్చిన పులిహోర, ఇంత తతంగం. హాలు గుమ్మం దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి మేము ఏం చెప్పామో తెలుసా? “వెనక వరసల్లో కూర్చోండి. గుసగుసలు వద్దు. అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టండి. మన హాస్టల్ పరువు తీయకండి.”

ఆయన బాగానే మాట్లాడారు. ఎక్కువ ఇంగ్లీషు, మధ్య మధ్య తెలుగు. ఎముక రాయిగా ఎలా మారుతుందో తెర మీద చూపించారు. చచ్చిన జంతువు మీద నది బురద కప్పేస్తుంది. గాలి తగలదు కాబట్టి ఎముక త్వరగా చెడిపోదు. నీళ్లలో కరిగిన ఖనిజాలు మెల్లగా ఎముక సందుల్లోకి చేరి గట్టిపడతాయి. లక్షల ఏళ్లకు ఆకారం ఎముకది, బరువు రాయిది. తర్వాత ఆ ఎముకల్ని ఎలా తవ్వి తీస్తారో చూపించారు. చుట్టూ మట్టి తొలిచి, విరగకుండా తడి కాగితం కప్పి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టా చుడతారు. ఆరాక మొత్తం మూటగా లేపుతారు. కాలు విరిగితే ఆసుపత్రిలో కట్టే కట్టు లాంటిదే.

చివర్లో “ఎవరికైనా ప్రశ్నలున్నాయా?” అని అడిగారు. ముందు వరసల నుంచి నగరం బడి పిల్లలు లేచారు. ఒక బాబు “డైనోసార్‌ను మళ్లీ పుట్టించొచ్చా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా ఓపికగా జవాబు చెప్పారు. మా ముప్పై రెండు మందిలో ఒక్క చెయ్యి లేవలేదు. అల్లరి చేయలేదని మేము సంతోషపడ్డాం కూడా.

తిరిగి వస్తుంటే మెట్రోలో మా పక్కన నిలబడ్డ ఒకమ్మాయి, ప్రాణహిత ఒడ్డు పల్లె నుంచి వచ్చిన డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల, మెల్లగా అంది.

“మేడమ్, ఎముకకు గోనెపట్టా చుట్టి తెల్లగా కట్టు కట్టారు కదా బొమ్మలో. మా అవ్వ చెప్పేది అదేనేమో.”

“ఏం చెప్పేది?”

“వాళ్లు వయసులో ఉన్నప్పుడు ఎక్కడి నుంచో సార్లు వచ్చి రాళ్లకు కట్లు కట్టి తీసుకుపోయారట. మా తాత ఆ పనికి కూలికి పోయాడట. మేము చిన్నప్పుడు ఆ కథ చెప్పించుకుని మరీ నవ్వేవాళ్లం. రాయికి నొప్పి పుడుతుందా అవ్వా అని.”

“ఎంత మంచి మాట! మరి అక్కడే లేచి అడగలేదేమమ్మా?”

ఆ పిల్ల మా ముఖంలోకి చూసి అంది. “వెనక కూర్చోమన్నారు కదా మేడమ్.”

ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు ప్రశ్నలు వేయడం నేర్పారు. టీచర్ పిల్లల్ని అడిగే ప్రశ్నలు. పాఠ్య ప్రణాళికలో వాటికి ఒక గడి ఉంటుంది. పిల్లలు అడిగే ప్రశ్నకు మేము ఎప్పుడూ గడి గీయలేదు. ఆ నిపుణుడు ఎన్నో పుస్తకాలు చదివి ఉంటారు. కానీ రాళ్లకు కట్టు కట్టిన చేతుల గురించి చెప్పగల మనిషి ఆ హాలులో ఒక్కరే ఉంది. ఆమెను మేమే వెనక వరసలో కూర్చోబెట్టాం. ఆమె మాట ఆయనకు ఇప్పటికీ చేరలేదు.

మరుసటి ఆదివారం ఆ పిల్లతో పాటు పన్నెండు మందిమి బిర్లా సైన్స్ సెంటర్‌కు పోయాం. డైనోసార్ల గదిలో నిలబడి మెడ ఎత్తి చూశాం. పొడవాటి మెడ, నాలుగు కాళ్లు, ఆకులు తిని బతికిన జంతువు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ‘కోట’ అంటే ఆ రాతి పొరల పేరు, ప్రాణహిత దగ్గరి కోట అనే ఊరి వల్ల వచ్చింది. ‘యామన్‌పల్లియెన్సిస్’ అంటే యామన్‌పల్లికి చెందినది అని.

ఆ కథ మీకు తెలియాలి. 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర ఒకే చోట, సుమారు 2400 చదరపు మీటర్ల నేలలో 840 ఎముకల భాగాలు బయటపడ్డాయి. మనూళ్లో చిన్న చేను కంటే ఎక్కువ కాదు ఆ జాగా. అందులో కనీసం పన్నెండు జంతువుల ఎముకలున్నాయి. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త ఇది ప్రపంచంలో ఎక్కడా పేరు పెట్టని కొత్త జంతువు అని రాసి ఆ పేరు ఖాయం చేశారు. అది బతికింది జురాసిక్ యుగం తొలి భాగంలో. దాదాపు 20 కోట్ల ఏళ్ల నుంచి 17 కోట్ల ఏళ్ల కిందటి కాలం. అప్పుడు మన ప్రాణహిత, గోదావరి లోయలో వేరే నదులు పారాయి, వేరే అడవులు పెరిగాయి.

నదికి అవతల, మహారాష్ట్ర సిరొంచ వైపు, ఇదే రాతి పొరల్లో ఇంకో పెద్ద డైనోసార్ దొరికింది. దాని పేరు బారపాసారస్ టాగోరి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1960ల మొదట్లో తవ్వారు. బెంగాలీలో ‘బార పా’ అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపారు. అది కోల్‌కతాలో నిలబడి ఉంది.

చూశారా, ఒకదానికి కవి పేరు వచ్చింది. ఒకదానికి మన పల్లె పేరు వచ్చింది, అది మనకు గౌరవమే. ఆ పేరు రాసిన ప్రతి దేశంలో మన పల్లె పేరు పలకాల్సిందే. కానీ ఎండలో కూర్చుని ఆ మట్టి తొలిచిన వాళ్ల పేర్లు, మూటలు మోసిన వాళ్ల పేర్లు మన దగ్గర కూడా లేవు. ఎవరో రాయలేదని బాధపడటం ఒక పద్ధతి. మనమే అడిగి రాసుకోవడం ఇంకో పద్ధతి. మేము రెండోది పట్టుకున్నాం.

మన పేరు సైన్స్‌లో ఎంత లోతుగా ఉందో ఇంకోటి చెప్తాం. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు కలిసి ఉన్న మహా ఖండాన్ని గోండ్వానా అంటారని పదో తరగతి పిల్లలు కూడా చెప్తారు. ఆ పేరు ఎక్కడిది? మధ్య భారతంలోని గోండుల నేల పేరు అది. 1870ల్లో భారత భూగర్భ సర్వేలో పనిచేసిన మెడ్లికాట్ అక్కడి రాళ్లకు ఆ పేరు వాడాడు. తర్వాత ఆస్ట్రియాకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్వెస్ ఆ పాత ఖండానికే ఆ పేరు పెట్టాడు. మన సింగరేణి బొగ్గు కూడా ఆ గోండ్వానా రాళ్లలోదే. మా హాస్టల్లో ఒక గోండు పిల్ల ఇంటర్ దాకా ఆ పదం బట్టీ పట్టి రాసింది. “అది మా పేరేనా మేడమ్?” అని అడిగింది డిగ్రీకి వచ్చాకే. అన్నేళ్లు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

సరే, ఆ మ్యూజియం గదిలో మా పిల్లలు బోర్డు చదివారు, ఫోటోలు తీసుకున్నారు. ఇంటికొచ్చి దాని గురించి వెతికి చదివారు. చదివితే ఒక సంగతి దొరికింది. ఈ జంతువు ఎముకలు ఇన్ని దొరికినా పుర్రె దొరకలేదు. తల భాగం నుంచి దొరికినవి రెండు పళ్లే. అయితే మనం చూసిన అస్థిపంజరానికి తల ఎక్కడిది? భోజనాల దగ్గర ఇదే గొడవ. చివరికి మా పిల్లలకు ఒక ప్రశ్న దొరికింది.

మరుసటి ఏడాది ఇంకో చోట, ఇంకో నిపుణురాలి ఉపన్యాసం. ఈసారి ముందే తయారయ్యాం. ముందు వరసలోనే కూర్చున్నాం. ప్రశ్నల సమయం రాగానే ఆ ప్రాణహిత ఒడ్డు పిల్ల చెయ్యెత్తింది. చెయ్యి వణుకుతోంది, మాకు కనిపిస్తోంది. తెలుగులోనే అడిగింది. “మేడమ్, పుర్రె దొరకలేదని చదివాం. మరి మ్యూజియంలో పెట్టిన తల ఎవరిది?”

ఆమె ముఖం వెలిగిపోయింది. “ఇది అడగాల్సిన ప్రశ్న” అన్నారు. దొరకని భాగాలను దగ్గరి జాతుల ఎముకలు చూసి అంచనాతో తయారు చేస్తారని, మ్యూజియంలో ఏ అస్థిపంజరం చూసినా ఇందులో దొరికిందెంత, చేసిందెంత అని అడగాలని చెప్పారు. రేపు ఎవరికైనా పుర్రె దొరికితే ఆ తల మార్చాల్సి వస్తుందన్నారు. అప్పుడు ఈ పిల్ల రెండో ప్రశ్న అడిగింది. రాళ్లకు కట్లు కట్టిన అవ్వ కథ చెప్పి, “తవ్విన కూలీల పేర్లు ఎక్కడైనా రాసి ఉంటాయా?” అంది.

హాలంతా నిశ్శబ్దం. ఆమె ఒక్క క్షణం ఆగి అన్నారు. “నాకు తెలిసినంతలో అలాంటి పేర్లు చాలాసార్లు రాయరు. మీ అవ్వ ఉన్నారా? ఉంటే ఈ సెలవులకే వెళ్లి అడిగి రాసుకోండి. ఆలస్యం చేయకండి.”

ఆ దీపావళి సెలవులకు, ఊళ్లో దండారి ఆడే రోజుల్లో, ఆ పిల్ల నోటు పుస్తకంతో, ఫోన్లో రికార్డరుతో ఇంటికి పోయింది. తాత అప్పటికే పోయి రెండేళ్లయింది. అవ్వ ఉంది. రెండు రాత్రులు అవ్వ చెప్పింది, ఈమె రాసుకుంది. తాతతో పాటు పనికి పోయిన నలుగురి పేర్లు దొరికాయి. అందులో ఒకాయన ఇంకా బతికే ఉన్నాడు. ఆ మూటలు ఎంత బరువుండేవో, ఒకటి ఎత్తబోతే కాలి మీద పడి ఎవరికి గోరు ఊడిందో కూడా ఆయన చెప్పాడు. తాత ఉన్నప్పుడు అడిగి ఉంటే ఇంకెంత చెప్పేవాడో అని ఆ పిల్ల మా దగ్గర ఏడ్చింది. ఆ ఏడుపుకు మా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఇదే సైన్స్. ఆ పేర్లు దొరికాయి కాబట్టి వాళ్లే కోటసారస్‌ను తవ్వారని మేము అనడం లేదు. ఆ లోయలో చాలాసార్లు తవ్వకాలు జరిగాయి. ఏ ఏడు, ఏ చోటు, ఎవరి తవ్వకం అని ఇంకా సరిచూడాలి. అవ్వ చెప్పింది వాంగ్మూలం. దానికి తోడు సాక్ష్యం కావాలి. ఇంకో సంగతి. ఆ ఎముకలు రాకాసులవని అవ్వ నమ్ముతుంది. అవ్వ చూసింది నిజం. చూసినదానికి చెప్పుకున్న కారణం నిజం కాదు. ఈ రెంటినీ విడదీయడం నేర్చుకోండి. మన పెద్దలు చెప్పిందంతా మూఢనమ్మకం అనేవాళ్ల మాట వినకండి. మన పెద్దలు చెప్పిందంతా సైన్సే అనేవాళ్ల మాటా వినకండి. చూసిందేమిటి, అనుకున్నదేమిటి అని అడగండి. ఇదే ప్రశ్న నిపుణులనూ అడగండి.

ఆకాశం సంగతి తీసుకోండి. ప్లానెటేరియంలో తల వెనక్కి వాల్చి చూస్తే సప్తర్షి మండలం చూపిస్తారు, ఏడుగురు ఋషులని చెప్తారు. గోండులు అందులో నాలుగు చుక్కల్ని మంచంగా చూస్తారు. ఓరియన్‌లోని చుక్కల్ని నాగలిగా చూస్తారు. ఇది ఎవరో ఊరికే అన్న మాట కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన మయంక్ వాహియా, గణేశ్ హల్కరేతో కలిసి గోండుల నక్షత్ర జ్ఞానం మీద 2013లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఊళ్లలో తిరిగి పెద్దల్ని అడిగి రాసిన వ్యాసం. వాళ్లు అడిగింది మన తాతల్నే. మన తాతల్ని మనం అడిగామా? పిల్లలకోడి ఏ వేళకు పొడుస్తుందో, దాన్ని చూసి ఏ పని మొదలు పెట్టేవాళ్లో మీలో ఎందరికి తెలుసు? మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ మన వస్తువులున్నాయి. నౌబత్ పహాడ్ మీది మ్యూజియంలో మన నేల ఉంది. వస్తువూ నేలా మ్యూజియాల్లో ఉన్నాయి. మన నోరు మాత్రం ఇంకా అక్కడికి చేరలేదు.

ఒక్క ఉపన్యాసంతో ఏమవుతుంది అనే వాళ్లకు ఒక కథ. లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. పేరు మైకేల్ ఫారడే. 1791లో పుట్టాడు. బడి చదువు అంతంత మాత్రం. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనివాడు. బైండు చేయడానికి వచ్చిన పుస్తకాలు చదివేవాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు అతనికి టికెట్లు ఇచ్చాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలకు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసుకున్నాడు, బొమ్మలు గీశాడు, తనకు వచ్చిన పనితో దాన్ని చక్కగా బైండు చేసి డేవీకే పంపాడు. 1813లో డేవీ దగ్గర సహాయకుడి ఉద్యోగం వచ్చింది. 1831లో అదే ఫారడే అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని కనిపెట్టాడు. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో తిరిగే జనరేటర్లు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. తర్వాత ఆయనే అదే హాలులో నిలబడి పిల్లలకు ఉపన్యాసాలిచ్చాడు. ఒక్క కొవ్వొత్తి వెలిగించి, అది ఎలా మండుతుందో చెబుతూ కెమిస్ట్రీ అంతా చెప్పాడు. అక్కడ 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఫారడేకు టికెట్ ఇచ్చిన మనిషి గొప్పవాడే. కానీ టికెట్ ఇస్తే పోయి పడుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. తేడా తెచ్చింది నోటు పుస్తకం.

ఇప్పుడు మా హాస్టల్లో పాటించే పద్ధతులు చెప్తాం. మీకు పనికొస్తే తీసుకోండి.

మొదటిది, ముందు తయారీ. ఉపన్యాసం విషయం తెలిశాక పది పదాలు ముందే తెలుసుకుంటాం. శిలాజం, పొర, యుగం, జాతి, ఇలాంటివి. ఇంగ్లీషు పదాలూ తెలుసుకుంటాం. సగం భయం అక్కడే పోతుంది. ఇంగ్లీషు రాదని ఇంట్లో కూర్చోకండి. ఇంగ్లీషు ఉపన్యాసానికి పోతే పోతే వస్తుంది.

రెండోది, పనుల పంపకం. ఒకరు పదాలు రాస్తారు, ఒకరు అంకెలు, ఒకరు బొమ్మలు, ఒకరు అర్థం కానివి. అర్థం కానివి రాసే పిల్లే మాకు అందరికంటే ముఖ్యం. ప్రశ్నలు పుట్టేది ఆ కాగితం మీదే.

మూడోది, ప్రశ్న. ఒక్కరైనా అడగందే తిరిగి రాకూడదని నియమం. ప్రశ్న పొట్టిగా ఉండాలి. తెలుగులో అడగొచ్చు. “మీకెలా తెలిసింది?” అన్నది ఎక్కడైనా పనికొచ్చే ప్రశ్న, మర్యాదగా అడిగితే ఏ నిజమైన నిపుణుడూ కోప్పడడు. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మన అవ్వ కథకు మనమూ నవ్వాం కదా.

నాలుగోది, తిరిగి చెప్పడం. మరుసటి రాత్రి భోజనాలయ్యాక విన్నది మళ్లీ చెప్పాలి. గోండి వాళ్లు గోండిలో, కోయ వాళ్లు కోయలో, లంబాడా పిల్లలు తమ భాషలో. మొదట్లో మాటలు దొరక్క తంటాలు పడ్డారు. శిలాజాన్ని ‘రాయిగా మారిన ఎముక’ అని విప్పి చెప్పాల్సి వచ్చింది. అలా విప్పి చెప్పినప్పుడే సగం మందికి అసలు అర్థమయింది. మా వంటమ్మ ఇప్పుడు జురాసిక్ యుగం గురించి మాకే చెప్తుంది.

ఎక్కడికి పోవాలి అంటారా? బిర్లా సైన్స్ సెంటర్ ఉంది. ఏటా ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజు సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించారు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, మూడూ తార్నాక, హబ్సిగూడ వైపే ఉన్నాయి. వరంగల్, తిరుపతి వాళ్లకు అక్కడే ప్రాంతీయ సైన్స్ కేంద్రాలున్నాయి. జిల్లాల్లో జన విజ్ఞాన వేదిక వాళ్లు తెలుగులో మాట్లాడతారు. పత్రికలో ప్రకటన చూడండి, ఫోన్ చేసి కనుక్కోండి. వార్డెన్‌ను అడగండి. గేటు సమయం అని వార్డెన్ అంటే, మా పేరు చెప్పండి, మేము మాట్లాడతాం.

ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊళ్ల తమ్ముళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ చేలల్లో, వాగుల్లో వింత రాళ్లు కనిపిస్తే తెచ్చి అలమారలో పెట్టుకోకండి, ఎవరికీ అమ్మకండి. రాయిని దాని చోటు నుంచి కదిలిస్తే సగం కథ పోతుంది, ఏ పొరలో ఉందో తెలియకపోతే వయసు చెప్పడం కష్టం. పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీయండి, చోటు రాసుకోండి, కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పే వాళ్లకో భారత భూగర్భ సర్వే సంస్థకో చూపించండి. ఆ పుర్రె ఇంకా దొరకలేదు. గుర్తుంది కదా?

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. పోయిన వేసవిలో తన ఊరి బడిలో అరగంట మాట్లాడింది, తన భాషలో. వినడానికి పిల్లలొచ్చారు, అవ్వ వచ్చింది. చివర్లో “ప్రశ్నలున్నాయా?” అని అడిగితే మొదట చెయ్యెత్తింది అవ్వే. “ఇంతకీ ఆ రాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయే బిడ్డా?” అని అడిగింది. వచ్చే నెల అవ్వను హైదరాబాద్ తీసుకొస్తున్నాం. మధురానగర్ నుంచి మెట్రోలోనే. ఆ జంతువు ముందు ఆమెను నిలబెట్టి ఆమె ఏమంటుందో రాసుకుంటాం.

మాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఈ ముందు వరసలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వెనక గోడ దగ్గరున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లేచి ముందుకు రండి. వచ్చి కూర్చోండి. మేము చెప్పినదాంట్లో తప్పుంటే పట్టుకోండి, “మీకెలా తెలిసింది మేడమ్?” అని అడగండి.

మొదటి చెయ్యి ఎవరిది?